మూడో గదిలో దిగిన సాక్షి

మూడో నంబరు గది తలుపుకు తాళం బయట వేసి ఉంది. కిరాయిదారుకు ఇచ్చిన తాళంచెవి మాత్రం గదిలోపల గోడమేకుకు వేలాడుతోంది. శనివారం పొద్దున ఎనిమిది గంటలకు ఇంటావిడ పద్మావతమ్మ తన దగ్గరుండే రెండో చెవితో తలుపు తీసినప్పుడు కనిపించింది ఇదే. లోపల ఉండవలసిన మనిషి లేడు.

ఇప్పుడు ఆదివారం, ఏడు గంటల ఇరవై నిమిషాలు. రుక్మిణి ఆ గది మధ్యలో నిలబడి తాళాన్ని చేతిలో తిప్పితిప్పి చూస్తోంది. నొక్కితే పడే రకం కాదది. చెవి పెట్టి రెండు చుట్లు తిప్పితే తప్ప కొక్కెం పట్టుకోదు.

ఒక చెవి లోపలే ఉంది. అంటే తాళం వేసింది రెండో చెవి.

రుక్మిణి పదకొండేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, పై అధికారి చెప్పిన చోట సంతకం పెట్టనన్నందుకు నౌకరి వదులుకున్న మనిషి. ఇప్పుడు ఖమ్మంలో వకీళ్ళకు కావలసిన సాక్షులను వెతికిపెడుతుంది. ఇంటిముందు బోర్డు లేదు. కోర్టు ఆవరణలో మాత్రం అందరూ ఆమెను డిటెక్టివ్ అనే అంటారు. కొందరు గౌరవంగా, కొందరు నవ్వుతూ.

తప్పిపోయిన సాక్షి పేరు కిషన్‌లాల్. చండ్రుగొండ అవతల అడవి అంచున వాళ్ళ తండా. నిరుడు మే నెలలో, తునికాకు కోసే రోజుల్లో, ఆకుకట్టలు లెక్కచూసే కల్లేదారు ఒకడు మెడమీద కొడవలి వేటుతో కాలిబాట పక్కన చచ్చి పడివున్నాడు. ఆ సాయంత్రమే కిషన్‌లాల్ అన్న లాల్‌సింగ్ కొడవలి పట్టుకుని తనంతట తానే స్టేషనుకు పోయి, "నేనే" అన్నాడు. తొమ్మిది నెలలైంది. మేజిస్ట్రేటు ముందు కూడా అదే మాట చెప్పి, ఆ తర్వాత అతను నోరు తెరవలేదు. ఆ పొద్దు అన్న నాతోనే ఉన్నాడని చెప్పగలిగినవాడు తమ్ముడొక్కడే. రేపు సోమవారం పదిన్నరకు కోర్టు పిలుపు. తమ్ముడు రాకపోతే అన్నకు యావజ్జీవం తప్పదని వకీలు తేల్చి చెప్పాడు.

తండాలో ఉంటే కంట్రాక్టరు మనుషులు బెదిరిస్తారని వకీలే కిషన్‌లాల్‌ను బుధవారం తీసుకొచ్చి, ఎవరి కంటా పడని ఈ సందులో, ఆరు గదుల ఈ పాత బసలో దించాడు. శనివారం తెల్లారేసరికి అతను లేడు. ఆ మధ్యాహ్నమే రుక్మిణి వచ్చి రెండో నంబరు గదిలో దిగింది. కిషన్‌లాల్ భార్య సోమ్లి కూడా ఆమెతోనే ఉంది.

"ఏమన్న కనబడ్డదా అక్కా?" గుమ్మంలోంచి అడిగింది సోమ్లి. రాత్రంతా ఆమె నిద్రపోలేదని రుక్మిణికి తెలుసు.

"లోపటికి రా. ఏది ఎట్లున్నదో చూసి చెప్పు. నీ మొగుని సంగతి నాకంటె నీకెరుక."

సోమ్లి గది అంతా కళ్ళతోనే తడిమింది. మేకుకు గుడ్డసంచి. అందులో కోర్టుకని వకీలు కొనిపెట్టిన తెల్లచొక్కా, గుండుసూదులు కూడా తీయకుండా మడతలోనే ఉంది. మంచం కింద చెప్పులు. మంచం మీద గొంగడి నాలుగు మడతలు పెట్టి, తలవైపు సాపుగా ఉంచి ఉంది.

"చెప్పులు ఇడిచిపోయిండంటె గది పెద్ద సంగతి గాదు. ఉత్తకాళ్ళతోనే తిరుగుతడు." సోమ్లి గొంగడి దగ్గర ఆగింది. "గిది మాత్రం ఆయన మడవలే."

"ఎట్ల చెప్తవ్?"

"లగ్గమై పదేండ్లు. లేచినంక కాలితోని పక్కకు నూకుడే గని మడిచింది చూడలే నేను."

రుక్మిణి గొంగడి అంచు ఎత్తి చూసింది. మడత మీద మడత, కొసకు కొస కలిపి ఉంది. బలవంతంగా ఎత్తుకుపోయేవాళ్ళు పక్క సర్దిపోరు. పారిపోయేవాడికీ అంత తీరిక ఉండదు.

కిటికీ లోపలి వాకిట్లోకే తెరుచుకుంటుంది. వెనక సినిమా హాలు గోడ, రెండు నిలువుల ఎత్తు. పైన పెంకుల కప్పు, పిల్లి నడిచినా పెంకు జారే పాతది. నిన్ననే నిచ్చెన వేసుకుని చూసింది. ఒక్క పెంకూ కదల్లేదు. ఇక మిగిలింది సందులోకి తెరుచుకునే వీధి తలుపు ఒక్కటే.

"మనిషి బతికే ఉన్నడంటవా?" సోమ్లి గొంతు తగ్గించి అడిగింది.

"చచ్చినట్టు ఆనవాలు లేదు. అంతే చెప్పగల్ను."

వంటింట్లో పద్మావతమ్మ పీట మీద కూర్చుని టీలో జంతిక ముక్క ముంచి, అది మెత్తబడేదాకా ఓపిగ్గా పట్టుకుని ఉంది. అరవై ఐదేళ్ళు దాటిన మనిషి. భర్త పోయాక కృష్ణాజిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఈ బస నడుపుతోంది. పైవరసలో ఒక్క పన్ను లేదు.

"కూర్చోమ్మా. టీ తాగుతావా?"

"తాగుత పిన్నిగారూ. నిన్న చెప్పింది మళ్ళొక్కసారి చెప్పండి. గడియారం చూసినట్టు చెప్పాలె."

"ఎన్నిసార్లు చెప్పనమ్మా. శుక్రవారం సాయంత్రం వకీలుగారు వచ్చి వెళ్ళారు. ఎనిమిదింటికి అన్నం పెట్టాను, తిన్నాడు. తొమ్మిదింటికి వీధి తలుపుకి లోపల తాళం వేశాను. పొద్దున నాలుగున్నరకి తీశాను, నాలుగో గదిలో ఆయన టీకి వెళ్తానంటేను. ఆరింటికి పాలకి వెళ్ళాను. ఆరున్నరకి వచ్చాను. ఎనిమిదింటికి వకీలుగారి గుమాస్తా వచ్చి అడిగితే అప్పుడు చూశాను."

"మూడో గదికి తాళం ఉంది గద. అది చూసి ఏమనుకున్నరు?"

"బయటికి వెళ్ళాడేమో అనుకున్నాను."

"ఆయన చెవి లోపట్నే ఉన్నది. తాళం ఎవరు వేసినట్టు?"

జంతిక టీలో విరిగి పడింది. పద్మావతమ్మ చెంచాతో దానికోసం వెతకసాగింది. "నాకేం తెలుసమ్మా. పాత తాళాలు. ఏ చెవి పెట్టినా పడతాయి."

రుక్మిణి తన గది చెవిని ఆ తాళంలో పెట్టి నిన్ననే చూసింది. పడలేదు. ఆ మాట అనలేదు. లేచి, చెయ్యి కడుక్కునే మిషతో పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పెనం ఇంకా వెచ్చగా ఉంది. దాని అంచున జొన్నపిండి మాడి అంటుకుంది. పక్కన వెదురు చిబ్బిలో మూడు రొట్టెలు. చుట్టూ పగుళ్ళు, మధ్యలో వేళ్ళ గుంటలు, ఒకవైపు అట్టలాగా మందం.

"రొట్టెలు గూడ చేస్తరా?"

"నాకేనమ్మా. షుగరు ఉంది, అన్నం మానమన్నాడు డాక్టరు."

"మంచిదే," అంది రుక్మిణి.

నాలుగో గది తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద ముప్పై ఏళ్ళ మనిషి, పక్కన ఒక మిర్చి బస్తా. రిజిస్టరులో వెంకటప్పయ్య, ముదిగొండ, వ్యవసాయం అని ఉంది. గురువారం దిగాడు.

"రామ్ రామ్ అన్నా. ధర ఎట్లుంది యార్డుల?"

"అంత బాగ లేదు. పెరుగుతదేమోనని ఆగిన."

"ముదిగొండ నుంచి బస్సెక్కితె గంట గూడ పట్టది. రాత్రికి ఇంటికి పోయి మళ్ళ పొద్దున రావచ్చు గద. మిర్చి రైతులు బస్తాలు యార్డుల పెట్టుకొని వాటి పక్కనే పంటరు. నువ్వొక్కనివే లాడ్జిల దిగినవ్."

"ఆరోగ్యం మంచిగ లేదు. చలి పడదు."

రుక్మిణి బస్తా మూతికట్టు దగ్గర వేలు పెట్టి ఒక కాయ లాగింది. అతని చేతిలో పెట్టింది. "నా తమ్ముడు గూడ ఈసారి మిర్చి వేసిండు. కాయ మంచిగ ఎండిందో లేదో నాకు తెల్వదు. నువ్వైతె ఎట్ల చూస్తవ్?"

మిర్చి రైతు ఎవరైనా కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగల వింటాడు. తొడిమ గిల్లి చూస్తాడు. వెంకటప్పయ్య కాయను నడిమికి విరిచి, గింజలు వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా వాసన చూశాడు. వెంటనే తుమ్ము వచ్చింది. ఆ వెంటనే రెండో తుమ్ము. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే చేత్తో రెండు కళ్ళూ తుడుచుకున్నాడు.

"అయ్యో," అంది రుక్మిణి నిదానంగా. "మిర్చి ముట్టిన చెయ్యి కండ్లకు పోనియ్యొద్దని మూడేండ్ల పోరలకు గూడ ఎరికే. ఏ స్టేషనన్నా నీది?"

 అతను చెంబెడు నీళ్ళు కావాలన్నట్టు చెయ్యి చాచి వాకిట్లోకి పరుగెత్తాడు.

తొమ్మిది దాటి పది నిమిషాలకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటరామారావు వచ్చాడు. లాల్‌సింగ్ కేసు నడిపింది ఆయనే. జీపు సందు బయటే ఆపి నడిచి వచ్చి, వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. రుక్మిణి అతని కింద నాలుగేళ్ళు పనిచేసింది. సంతకం పెట్టమన్నది కూడా ఆయనే.

"రుక్మిణి గారు కూడా ఇక్కడే బస చేశారన్నమాట. ఇల్లు కిరాయికి దొరకలేదా?"

"దొరికింది సారూ. సాక్షి దొరకలే."

"సాక్షి పారిపోయాడు. తప్పుడు సాక్ష్యం చెప్పడానికి ధైర్యం చాల్లేదు, అడవి దారి పట్టాడు. రేపు కోర్టుకు అదే రాసిస్తున్నాను. నువ్వీ గదుల్లో గొంగళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చో."

"అడివి దారి పట్టింది ఎన్ని గంటలకు?"

"నాకెలా తెలుస్తుంది?"

"మీ మనిషిని అడగకపోయిన్రా."

"ఏ మనిషి?"

"నాలుగో గదిల మిర్చి రైతు."

వాకిట్లో తొట్టి దగ్గర వెంకటప్పయ్య ముఖం మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. వెంకటరామారావు ఒకసారి అతన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు.

"వీడు కానిస్టేబులని నీకెవరు చెప్పారు?"

"ఆయన కండ్లే చెప్పినయ్."

"రక్షణ కోసం పెట్టాను. తప్పా?"

"రక్షణకైతె బట్టలు మార్చుడెందుకు, బస్తా మోసుడెందుకు? వకీలు సాక్షిని తీసుకపోయి ఎక్కడ దాచిండో మీకు తెలుసు. పక్కగదిల మీ మనిషిని పెట్టిన్రు. మూడోనాటికి సాక్షి లేడు. సాక్షి రాకుంటె గెలిచేది మీరే. ఎత్తుకపోయింది పోలీసులే అని రేపు మా వకీలు జడ్జి ముంగట అంటడు. నేను కానిస్టేబుల్ పేరు గూడ చెప్త."

వెంకటరామారావు కుర్చీలోంచి లేచాడు. "నోరు అదుపులో పెట్టుకో. మావాడు శనివారం నాలుగున్నర నుంచి ఎనిమిదింటిదాకా సందు మొగలో టీ బంకు దగ్గరే కూర్చున్నాడు. ఈ ఇంట్లోంచి పాలచెంబుతో ముసలావిడ తప్ప చీమ బయటికి రాలేదు. ఏరా?"

"అవ్ సార్," అన్నాడు వెంకటప్పయ్య కళ్ళు మూసుకునే.

"నాలుగున్నరకు ముందు?" అడిగింది రుక్మిణి.

"తలుపుకు లోపలి తాళమే. ఎనిమిదింటికి ఆయన అన్నం తింటుంటె నేను గూడ పక్కన్నే తిన్న. పది దాంక దగ్గుడు వినబడ్డది," అన్నాడు వెంకటప్పయ్య.

ఆ లెక్క ఎక్కడికి పోతుందో వెంకటరామారావుకు కూడా అర్థమైందని బిగిసిన అతని దవడ చూసి రుక్మిణి గ్రహించింది. చీమ కూడా బయటికి పోని ఇంట్లోంచి మనిషి పోలేడు. పోలేదంటే ఇల్లు మళ్ళీ వెతకాలి. వెతికితే సాక్షి దొరుకుతాడు. దొరికితే రేపు పదిన్నరకు కోర్టులో ఉంటాడు.

ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నువ్వు టీ బంకు దగ్గర నిద్రపోయావు. వాడు నీ ముందునుంచే పోయాడు. అంతేగదా?"

వెంకటప్పయ్య తల ఎత్తాడు. "నేను నిద్ర..."

"పోయావు. రిపోర్టులో అలాగే ఉంటుంది. మెమో కూడా వస్తుంది. రేపటిదాకా ఇక్కడే పడుండు. ఈవిడ దగ్గరికి ఎవరెవరు వస్తారో రాసిపెట్టు."

"అవ్ సార్."

బూట్ల చప్పుడు సందు చివరిదాకా వెళ్ళింది. తొమ్మిది నలభై.

"మజ్జిగతోని కడుక్కో తమ్మీ, మంట తగ్గుతది," అని వెంకటప్పయ్యతో చెప్పి, రుక్మిణి సోమ్లిని వెంటబెట్టుకుని వంటింట్లోకి నడిచింది. తలుపు దగ్గరగా వేసింది.

పద్మావతమ్మ చిబ్బి మీద గుడ్డ కప్పుతోంది.

"పిన్నిగారూ, టీల నానబెట్టందే జంతిక నమల్లేరు మీరు. అట్టలసొంటి జొన్నరొట్టె ఎట్ల నములుతున్నరు?"

ముసలావిడ చేతులు గుడ్డమీదే ఆగిపోయాయి.

"మూడో గదిల గొంగడి మడిచింది మీరే. తాళం వేసింది మీరే. మనిషి లేని గదిని సర్ది తాళం వేయకుంటె మీ చేతులు ఊకోవు. దాచేది దాచిన్రు గని, అలవాటు దాచలేకపోయిన్రు."

"ముప్పై ఏళ్ళమ్మా," అంది పద్మావతమ్మ. "గది ఖాళీ అయితే తాళం. ఆలోచించనే లేదు." తర్వాత కొంచెం చిరాగ్గా, "అన్నం ఎంత పెట్టినా కడుపు నిండలేదంటాడు. రొట్టె తట్టడం నాకెక్కడొచ్చు? నిన్న చేసినవి ఇంకా ఘోరం. పాపం, తిన్నాడు."

సోమ్లి చిబ్బి మీది గుడ్డ లాగింది. "ఏడి?"

పద్మావతమ్మ కళ్ళు మూల ఉన్న తిరగలి మీదికి పోయాయి. ఈ ఇల్లు కట్టింది పూర్వం ఒక ధాన్యం వర్తకుడు. రుక్మిణి, సోమ్లి కలిసి తిరగలిని పక్కకు దొర్లించారు. కింద చాపముక్క, దానికింద నాపరాయి. రాయి లేపితే గుండ్రటి మూతి కనిపించింది. ఒకప్పటి ధాన్యం పాతర.

"ఎవరైనా వస్తేనే లోపలికి దిగుతాడమ్మా. మిగతాసేపు ఇక్కడే పొయ్యి దగ్గర," అంది పద్మావతమ్మ. "కాళ్ళు పట్టుకున్నాడు. రెండురోజులు, సోమవారం దాటేదాకా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు."

చీకట్లోంచి రెండు చేతులు పైకి వచ్చి అంచు పట్టుకున్నాయి. కిషన్‌లాల్ పైకి వచ్చి, తలలో దుమ్ముతో, పెళ్ళాం ముఖం చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"ఎవరు బెదిరిచ్చిన్రు?" అడిగింది రుక్మిణి. "కంట్రాక్టరా, ఇన్‌స్పెక్టరా?"

"ఎవ్వల్లేరు అక్కా. నేనే దాక్కున్న."

సోమ్లి గొంతు కత్తిలా వచ్చింది. "అన్న జైల్ల కుళ్ళుతుంటె నువ్వు బొక్కల దాక్కున్నవా? ఒక్కమాట. అన్న నాతోనే ఉండె అని ఒక్కమాట చెప్పనీకి గింత భయమా? నీ అన్న నిన్ను సంకనేసుకొని పెంచిండు. నేను నిన్న పొద్దటిసంది నీళ్ళు ముట్టలే. నువ్వేమో గీడ రొట్టెలు తింటున్నవ్."

"సోమ్లీ, ఊకో."

"ఊకోను. చెప్పు, ఏం పెట్టి కొన్నరు నిన్ను?"

కిషన్‌లాల్ వాళ్ళ భాషలో ఏదో ఒక మాట అన్నాడు. సోమ్లి నోరు సగం తెరిచి ఆగిపోయింది. అతను రుక్మిణి వైపు తిరిగి అదే మాట తెలుగులో అన్నాడు.

"నేను జూసిన అక్కా. గుట్టమీద ఆకు తెంపుతున్న. కింద బాటమీద వాడు ఈమె చెయ్యి పట్టిండు. ఇడిపిచ్చుకుంది. మళ్ళ పట్టిండు, చెట్టుకు ఒత్తిపట్టిండు. నేను ఉరికిన. నేను దిగేసరికి ఈమె చేతుల కొడవలి ఉంది, వాడు కింద ఉన్నడు. ఈమె నన్ను జూడలే. అన్న ఉన్న దిక్కు ఉరికింది."

పొయ్యిలో కట్టె ఒకటి పక్కకు ఒరిగింది. పద్మావతమ్మ దాన్ని సర్దలేదు.

"తొమ్మిది నెల్లు," అంది సోమ్లి. "తొమ్మిది నెల్లు నా పక్కన పన్నవ్. ఒక్కనాడు అడగలే."

"అడిగితె నువ్వు చెప్పాలె. చెప్తె నేను ఇన్నోణ్ణయిత. ఇననోణ్ణిగనే ఉండాలనుకున్న."

"మరి రేపు చెప్పేదేమున్నది?" అడిగింది రుక్మిణి. "అన్న నాతోని ఉండె అంటె అయిపాయె."

"నేనూ గట్లనే అనుకున్న అక్కా. వకీలు దినాం వచ్చి ప్రశ్నలు అడిగి నేర్పుతుండె. శుక్రారం పొద్దుమూకి అడిగిండు, 'ఆ టైముకు నీ భార్య ఎక్కడున్నది?' సర్కారు వకీలు గిది గూడ అడుగుతడు, తయారుగుండు అన్నడు. ఒట్టేసి నిలబడి, ఆ మాట అడిగితె, నా మొఖమే చెప్తది. నోరు తెరిస్తె ఈమె పోతది. తెరవకుంటె అన్న పోతడు. నాకు తెలివి ఆడలే. పొద్దున పాలకు పొయ్యేటప్పుడు ఈ అమ్మ కాళ్ళమీద పడ్డ."

రుక్మిణి సోమ్లి వైపు చూసింది. శనివారం మధ్యాహ్నం తన ఇంటి గుమ్మంలో కూర్చుని, నా మొగుణ్ణి దొరకబట్టు, మా బావ పానం కాపాడు అని ఏడ్చిన మనిషి ఈమె. ఆ ఏడుపులో అబద్ధం లేదు. ఎవరికోసం ఎవరు జైల్లో ఉన్నారో తెలిసినవాళ్ళు తనూ లాల్‌సింగూ ఇద్దరే అనుకుని ఏడ్చింది. మూడోవాడు ఉన్నాడని ఆమెకు తెలియదు.

"లాల్‌సింగ్ బావకు నేనే చెప్పిన," అంది సోమ్లి ఎవరినీ చూడకుండా. "కొడవలి గుంజుకున్నడు. పిల్లలకు తల్లి ఉండాలె, నాకు ఎనకా ముందూ ఎవరున్నరు అన్నడు. నేను వద్దన్న. అవ్, వద్దన్న. గని గట్టిగ అనలే."

తలుపు కిర్రుమంది.

మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని వెంకటప్పయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కానీ అతను ఏడుస్తున్నట్టు కూడా ఉంది.

"ఇనలేదని చెప్పలేను అక్కా," అన్నాడు రుక్మిణితో. "ఇద్దరు పిల్లలు నాకు. ఇయ్యాల్నే మెమో అన్నడు. ఇది దాచిన అని తెలిస్తె నౌకరే పోతది."

"ఆపను పో," అంది రుక్మిణి.

అతను గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. స్టేషను అయిదు నిమిషాల నడక. పది గంటల అయిదు నిమిషాలు.

రుక్మిణి తలుపు గట్టిగా వేసి, వాళ్ళిద్దరి ముందు కూర్చుంది. "ఇద్దరూ నా మాట ఇనండి. పోలీసోని ముంగట చెప్పింది కోర్టుల చెల్లది. ఆ కానిస్టేబుల్ ఇన్నది గూడ చెల్లది. ఆయన వచ్చి ఏం అడిగినా నోరు తెరవొద్దు. వకీలు వచ్చినంక ఆయన ముందర మాట్లాడుదాం. చెయ్యి పట్టినోణ్ణి కొట్టుడు వేరు, పగబట్టి చంపుడు వేరు. దానికి దారి ఉన్నది. గని రుజువు కావాలె. వాడు నిన్ను పట్టిండని చూపెట్టేటిది ఏమన్న ఉన్నదా సోమ్లీ?"

సోమ్లి చెయ్యి తన రవికె చేతి మీదికి పోయింది.

"నేనే చంపిన అంట," అన్నాడు కిషన్‌లాల్.

"అన్న ఒక్కడు అన్నది సాలలేదా?" సోమ్లి అతని తలలో దుమ్ము చేత్తో దులిపింది. తొమ్మిది నెలల్లో మొదటిసారి మొగుణ్ణి చూస్తున్నట్టు చూసింది. "నువ్వు పిల్లలకాడికి పో. బిడ్డ సక్రి జ్వరంతోని ఉన్నది."

బూట్ల చప్పుడు ఈసారి వేగంగా వచ్చింది. పది ఇరవై అయిదు. వెంకటరామారావు వంటింటి తలుపు తోసుకుని లోపలికి వచ్చి, తెరిచి ఉన్న పాతర మూతి, కిషన్‌లాల్, సోమ్లి, అన్నీ ఒక్క చూపులో చూశాడు. వెనక వెంకటప్పయ్య.

"భేష్ రుక్మిణీ. సాక్షిని వెతికిపెట్టమంటే హంతకురాలిని కూడా వెతికిపెట్టావు. ఫీజు రెండింతలు అడుగు." అతను సోమ్లి వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వేనట?"

"ఆమె మాట్లాడది," అంది రుక్మిణి. "వకీలు రావాలె."

"నేనే సారూ," అన్నాడు కిషన్‌లాల్ లేచి నిలబడి. "చంపింది నేను."

వెంకటరామారావు నవ్వాడు. "బాగుంది. ఒక్క శవానికి ముగ్గురు. లోపలున్నవాడు ఒప్పుకున్నాడు, కేసు రేపటితో అయిపోతుంది. మీ కథలు నమ్మి నేను ఫైలు మళ్ళీ తెరవాలా? ఆడమనిషి చంపిందనడానికి ఏముంది? పోండి, తండాకి పోండి ఇద్దరూ. రేపు కోర్టు దరిదాపుల్లో కనిపించారంటే మాత్రం ఈవిడ లోపలికి పోతుంది."

ఇదీ అతను పెడుతున్న బేరం. సాక్షి నోరు మూస్తే సోమ్లి బయట, లాల్‌సింగ్ లోపల. రుక్మిణి నోరు తెరవబోయింది.

సోమ్లి ముందుకు వచ్చింది. రవికె చేతిని పైకి తోసింది. మోచేతి పైన తెల్లగాజులు భుజందాకా వరుసగా ఉన్నాయి. వరుస మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున గాజులు లేవు. అక్కడ చర్మం మీద పొడుగాటి గాటు, మానిపోయి తెల్లబడింది.

"నా గాజుముక్క వాని పిడికిట్ల ఉండిపోయింది సారూ. చచ్చినా ఇడిచిపెట్టలే వాడు. నేను గుంజి చూసిన, రాలే." "మీ కాడికి వచ్చిన శవం పిడికిలి ఉత్తగ ఉండెనా?"

వెంకటరామారావు ఆమె చేతి వైపు చూడలేదు. "పంచనామాలో అలాంటిదేమీ లేదు," అన్నాడు. "పిడికిట్లో ఏమీ దొరకలేదు."

"దొరికింది సార్."

వెంకటప్పయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కాళ్ళు దగ్గరికి చేర్చి, చేతులు పక్కలకు పెట్టి, యూనిఫారంలో ఉన్నట్టు నిలబడ్డాడు.

"ఆ పొద్దు పిడికిలి ఇప్పింది నేనే. తెల్లగాజు ముక్క. కాగితంల చుట్టి మీ చేతికే ఇచ్చిన."